డిగ్రీ గ్రీకులో.. పరిశోధన చేప ఊపిరి మీద!

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఒక పెద్దాయన క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 72. తన శరీరం వైద్య విద్యార్థుల చదువుకు పనికిరావాలని వీలునామా రాసి పెట్టుకున్నారు. దాని ప్రకారం ఆ దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపారు. ఆయన ఎముకలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. అందరూ జేబీఎస్ అనేవారు. పుట్టింది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో, చనిపోయింది భారత పౌరుడిగా. జీవపరిణామాన్ని లెక్కల్లోకి దించిన ముగ్గురు నలుగురిలో ఒకరు. బయాలజీ చదివినవాళ్లకు హాల్డేన్స్ రూల్ గుర్తుండొచ్చు. బయోకెమిస్ట్రీ వాళ్లకు బ్రిగ్స్-హాల్డేన్ ఈక్వేషన్ పరీక్షలో వచ్చే ఉంటుంది. ఇంతకీ ఆయన డిగ్రీ ఏంటో ఊహించండి. జువాలజీ కాదు, కెమిస్ట్రీ కాదు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో మొదట మ్యాథ్స్, తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. 1914లో ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు. సైన్స్‌లో ఆయనకు డిగ్రీయే లేదు.

సివిల్ చదివి కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు, బీఎస్సీ చేసి బ్యాంక్ పరీక్షలకు కూర్చుంటున్నవాళ్లు ఈ పేజీ చదువుతుంటారని నాకు తెలుసు. మెకానికల్ పట్టాతో సాఫ్ట్‌వేర్‌లో చేరినవాణ్ని, నేనూ ఆ బాపతే. అందుకే ఈయన కథ చెప్పాలనిపించింది. అయితే ముందు ఒక చేప సంగతి చూద్దాం. ఆయన చివరి ఏళ్లలో చేసిన పని అర్థం కావాలంటే ఇదే సులువైన దారి.

నీళ్లలో ఉండి గాలి పీల్చే జీవి

మార్టూరులో గానీ, పక్కన చిలకలూరిపేటలో గానీ ఆదివారం చేపల మార్కెట్‌కు వెళ్లి గమనించండి. బొచ్చె, శీలావతి ఐస్ మీద పడుకుని ఉంటాయి. కొరమీను మాత్రం జానెడు నీళ్లున్న తొట్టిలో గంటల తరబడి బతికే ఉంటుంది. కాసేపు నిలబడితే ఇంకో విషయం కనపడుతుంది. అది ఉండుండి మూతి పైకి పెట్టి ఒక గుటక గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. దానికి మొప్పలున్నాయి, కానీ అవి చాలవు. తల లోపల గాలి పట్టే గది ఒకటి ఉంది. చెరువులు ఎండిపోయే మే నెలలో కూడా తడి బురదలో అది బతకగలిగేది ఆ గది వల్లే.

గాలి ఎందుకు అంత ముఖ్యమో అంకెల్లో చెబుతాను. ఒక లీటరు గాలిలో ఆక్సిజన్ దాదాపు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. మన వాతావరణంలో ఒక లీటరు మంచినీళ్లలో కరిగి ఉండేది మహా అయితే 6 మిల్లీలీటర్లు. నీళ్లు వేడెక్కితే, కుళ్లితే అది కూడా ఉండదు. అంటే వేసవి చెరువులో చేపకు తల పైన అరడుగు ఎత్తులో ముప్ఫై రెట్ల ఆక్సిజన్ ఉంది. దాన్ని అందుకోగలిగిన జీవి బతుకుతుంది.

వెన్నెముక ఉన్న జంతువులు నేల మీదికి వచ్చిన కథ కూడా ఇలాంటి నీళ్లలోనే మొదలైంది. చాలామంది అనుకున్నట్టు చేప ఒకరోజు గట్టెక్కి, తర్వాత కాళ్లు మొలిచి, ఆ తర్వాత ఊపిరితిత్తులు రావడం జరగలేదు. ఊపిరితిత్తులు ముందే ఉన్నాయి, చేపలకే ఉన్నాయి. కాళ్లు కూడా నీళ్లలో ఉండగానే తయారయ్యాయి. కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో 2004లో దొరికిన టిక్టాలిక్ శిలాజం వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. దానికి చేప పొలుసులున్నాయి, రెక్క లోపల మణికట్టు లాంటి ఎముకలూ ఉన్నాయి, తలను భుజాల నుంచి వేరుచేసే మెడ కూడా ఉంది. గ్రీన్‌లాండ్‌లో దొరికిన అకాంతోస్టెగా దాని తర్వాతిది. దాని ముందుకాలికి ఎనిమిది వేళ్లు! అయినా అది ఎక్కువగా నీళ్లలోనే తిరిగిన జీవి. వేళ్లు పుట్టింది నడవడానికి కాదు, నాచు, కొమ్మల మధ్య నీళ్లలో పాకడానికి పనికొచ్చాయని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు.

ఈ శిలాజాల సంగతులు చాలావరకు హాల్డేన్ పోయాక తేలినవే. ఆయన పట్టుకున్నది ఇంకో కొస. గాలి పీల్చడానికి అవయవం ఉంటే సరిపోదు కదా. ఇప్పుడు పీల్చు అని చెప్పేది ఎవరు?

ఇల్లే ల్యాబ్

ఆ ప్రశ్న ఆయనకు ఇంట్లోంచే వచ్చింది. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుమోసిన ఫిజియాలజిస్టు. మనం ఊపిరి పీల్చే వేగాన్ని ముఖ్యంగా నడిపించేది ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం అని 1905లో ప్రీస్ట్‌లీతో కలిసి తేల్చింది ఆయనే. బొగ్గు గనుల్లో విషవాయువులు పసిగట్టడానికి కానరీ పిట్టలు వాడమన్నదీ ఆయనే. లోతు నుంచి పైకొచ్చే గజ ఈతగాళ్లు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో 1908లో పట్టికలు తయారుచేసిందీ ఆయనే.

కొడుకును చిన్నప్పటి నుంచే వెంట తిప్పుకునేవాడు. ఒకసారి గని లోపల మీథేన్ చేరిన చోట పిల్లాణ్ని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం ఒకటి అప్పజెప్పమన్నాడు. కొన్ని వాక్యాలకే కాళ్లు తేలిపోయి పిల్లాడు కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది అన్న పాఠం ఆ పిల్లాడికి అలా అందింది. పదమూడేళ్లకే తండ్రి ప్రయోగాల్లో డైవింగ్ సూట్ వేసుకుని సముద్రంలోకి దిగాడు. సూట్ పెద్దవాళ్లది, మణికట్టు దగ్గర వదులు, లోపలికి నీళ్లొచ్చాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సైన్స్ డిగ్రీ లేకుండానే సైంటిస్ట్ అయ్యాడు కాబట్టి డిగ్రీ అక్కర్లేదు అని ఈ కథను వాడుకునే మోటివేషన్ స్పీకర్లు ఉంటారు. నమ్మొద్దు. ఆయన ఇంట్లోనే ల్యాబ్ ఉంది. చదివింది ఈటన్ స్కూల్లో, అక్కడ సీనియర్ల చేతిలో దెబ్బలు తిన్నా సరే, అది డబ్బున్న ఇళ్ల పిల్లల బడి. ఇరవై ఏళ్లపాటు తండ్రి దగ్గర అప్రెంటిస్‌షిప్ చేసిన మనిషికి సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. మనలో చాలామందికి సర్టిఫికెట్ ఉంటుంది, ఆ ఇరవై ఏళ్లు ఉండవు. తేడా అక్కడుంది.

చెల్లెలు నయోమి పెంచుకునే గినీ పందులతో మొదలుపెట్టి అన్నాచెల్లెళ్లు వంశపారంపర్యం మీద ప్రయోగాలు చేశారు, తర్వాత ఎలుకలతో చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ బ్లాక్ వాచ్ దళంలో ఆఫీసరుగా ఫ్రాన్స్ కందకాల్లో ఉండగానే 1915లో ఆ పేపర్ అచ్చయింది. క్షీరదాల్లో జన్యువులు జట్టుగా సంక్రమిస్తాయని చూపిన తొలి పేపర్లలో అదొకటి. ముగ్గురు రచయితల్లో ఒకడైన స్ప్రంట్ అప్పటికే యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ ఫ్రాన్స్‌లో ఒకసారి, మెసపొటేమియాలో ఇంకోసారి గాయపడ్డారు. కోలుకోవడానికి ఆయన్ని పంపింది ఇండియాకే. ఈ దేశం ఆయనకు అలా పరిచయమైంది.

ఒక శాతం ఏం చేస్తుంది?

యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజియాలజీ చెప్పారు. రక్తంలో ఆమ్లత్వం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ తానే తాగారు. 1923లో కేంబ్రిడ్జ్‌లో బయోకెమిస్ట్రీ రీడర్‌గా చేరారు. ఒక విడాకుల కేసులో ఇరుక్కుంటే యూనివర్సిటీ అనైతికత పేరుతో ఉద్యోగం పీకేసింది. అప్పీలుకెళ్లి గెలిచి, ఆ విడాకులు తీసుకున్న షార్లెట్‌ను పెళ్లి చేసుకుని, అక్కడే పనిచేశారు.

ఈ గొడవల మధ్యే, 1924 నుంచి, ఆయన పేరు నిలబెట్టిన పేపర్లు వరుసగా వచ్చాయి. ప్రకృతి వరణాన్ని లెక్కల్లో పెట్టడం. అప్పటిదాకా డార్విన్ సిద్ధాంతం మీద ఉన్న పెద్ద అనుమానం ఏంటంటే, చిన్న చిన్న లాభాలు పోగై అంత పెద్ద మార్పులు రావడానికి టైమ్ సరిపోతుందా? చేప రెక్క కాలు అవుతుందా?

మీరే ఎక్సెల్ తెరిచి చూడండి. ఒక చెరువులో గాలి కాస్త బాగా మింగగలిగే రకం ఒకటి ఉంటే, మామూలు రకం వెయ్యి ఉన్నాయనుకోండి. కొత్త రకానికి తరానికి ఒక్క శాతమే లాభం. అంటే నిష్పత్తిని ప్రతి తరంలో 1.01తో గుణించాలి. వెయ్యిలో ఒకటిగా ఉన్నది తిరగబడి, మామూలు రకం ఒకటికి కొత్త రకం వెయ్యి కావడానికి ఎన్ని తరాలు? సుమారు 1,390. ఏడాదికో తరం అనుకుంటే పద్నాలుగు వందల ఏళ్లు కూడా పట్టదు. చేపల నుంచి నాలుగు కాళ్ల జీవులు రావడానికి కోటి ఏళ్లకు పైనే పట్టింది. టైమ్ బోలెడు ఉంది. నేను చూపింది చిన్నపిల్లల లెక్క. హాల్డేన్ దీన్ని బహిర్గత, అంతర్గత జన్యువులకు, ఇంకా చిక్కు పరిస్థితులకు విడివిడిగా చేశారు. మాంచెస్టర్ దగ్గర పొగ పట్టిన చెట్ల మీద నల్ల రెక్కల పురుగు యాభై ఏళ్లలో ఎలా పెరిగిపోయిందో లెక్కగట్టి, దానికి దాదాపు సగం రెట్టు అదనపు లాభం ఉండి తీరాలని చెప్పారు. నిజంగానే అంత ఉందని పొలంలో చూసింది 1950ల్లో. అదంతా కలిపి 1932లో ది కాజెస్ ఆఫ్ ఎవల్యూషన్ అనే పుస్తకం అయింది. ఆర్.ఎ. ఫిషర్, సెవాల్ రైట్‌తో పాటు ఆయన పేరు చెప్పేది అందుకే. పరిణామ వేగానికి కొలమానం కూడా 1949లో ఆయనే ప్రతిపాదించి, దానికి డార్విన్ అని పేరు పెట్టారు. శిలాజాల వాళ్లు ఇప్పటికీ వాడతారు.

నాకు మాత్రం ఆయన రాసినవాటిలో ఎక్కువ ఇష్టమైంది 1926 నాటి చిన్న వ్యాసం, జీవుల సైజు గురించి. ఇంజినీరింగ్ వాళ్లకు బాగా ఎక్కుతుంది. మార్టూరు గ్రానైట్ యూనిట్ల దగ్గర చూసే రాయినే తీసుకోండి. ఒక బ్లాక్ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే ఉపరితలం నాలుగు రెట్లు పెరుగుతుంది, బరువు ఎనిమిది రెట్లు. జంతువుకూ అంతే. శరీరం పెరిగిన కొద్దీ మోయాల్సిన బరువు ఎముక అడ్డుకోత కంటే వేగంగా పెరుగుతుంది. నీళ్లలో ఈ లెక్క పెద్దగా బాధించదు, నీళ్లు మోస్తాయి. గట్టు మీదికి వచ్చాక మొత్తం బరువు నడుము మీద, కాళ్ల మీద పడుతుంది. నేల జంతువులకు వెన్నుపూసలు ఒకదానికొకటి కొక్కేల్లా బిగుసుకున్నది, తుంటి ఎముక వెన్నుకు అతుక్కున్నది అందుకే. ఊపిరి సంగతీ ఇదే. పీల్చాల్సిన ఆక్సిజన్ బరువును బట్టి పెరుగుతుంది, పీల్చే చర్మం ఉపరితలాన్ని బట్టే పెరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికే మొప్పల్లో పొరలు, ఊపిరితిత్తుల్లో లక్షల తిత్తులు. తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం కావాలి.

ఇక ఎండిపోవడం. మిర్చి కల్లాల్లో చూస్తాం కదా, కాయ ఎండటానికి రోజులు పడుతుంది, తొక్క నీటిని అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి. కప్పకు అలాంటి తొక్క లేదు. బల్లికి, పాముకు ఉంది. పెంకు, పొరలు ఉన్న గుడ్డు కూడా వాటికి ఉంది. చెరువు గట్టును వదిలి దూరం పోగలిగింది ఆ రెండూ ఉన్నవాళ్లే.

ఇనుప గదిలో గాలి

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారారు. 1939 జూన్ 1న లివర్‌పూల్ దగ్గర సముద్రంలో థెటిస్ అనే కొత్త సబ్‌మెరీన్ ట్రయల్‌లోనే మునిగింది. 99 మంది చనిపోయారు, నలుగురే బయటపడ్డారు. లోపలున్నవాళ్లను ముఖ్యంగా దెబ్బతీసింది పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్. చనిపోయినవాళ్లలో షిప్‌యార్డ్ కార్మికులు చాలామంది ఉండటంతో కార్మిక సంఘాలు హాల్డేన్‌ను సాయం అడిగాయి. ఆయన కొందరు వాలంటీర్లతో మూసిన ఇనుప గదిలో కూర్చుని, తాము వదిలిన గాలినే తాము పీలుస్తూ ఏ దశలో తల పగిలిపోతుందో, ఎప్పుడు మెదడు పనిచేయదో రాసుకున్నారు. యుద్ధకాలమంతా నౌకాదళం కోసం ఇదే పని. పీడనం పెంచడం, తగ్గించడం, ఆక్సిజన్ మోతాదు మార్చడం, మంచుగడ్డల మధ్య కూర్చోవడం. ఆయన కర్ణభేరి చిల్లుపడింది, వెన్నెముక దెబ్బతిని జీవితాంతం నొప్పి మిగిలింది. ఆ గదిలో ఆయనతో పాటు కూర్చున్నవాళ్లలో హెలెన్ స్పర్వే ఒకరు. ఆయన విద్యార్థిని, తర్వాత రెండో భార్య.

ఆ ఇద్దరే తర్వాత న్యూట్ అనే బల్లి లాంటి ఉభయచరం మీద పడ్డారు. అది చర్మంతోనూ పీలుస్తుంది, అప్పుడప్పుడు పైకొచ్చి గాలీ మింగుతుంది. ఎప్పుడెప్పుడు పైకొస్తుంది, ఏం మారిస్తే ఎక్కువసార్లు వస్తుంది? వెన్నెముక జీవుల శ్వాసను ఒక ప్రవర్తనగా పోల్చి చూసే ఆ పేపర్ 1953లో వచ్చింది. తండ్రి పనికి ఇదెలా అతుకుతుందో చూడండి. నీళ్లలో ఉండే చేపకు కార్బన్ డయాక్సైడ్‌తో ఇబ్బంది తక్కువ, అది నీళ్లలో తేలిగ్గా కరిగి మొప్పల నుంచి కొట్టుకుపోతుంది. దానికి కొరత ఆక్సిజనే, అందుకే దాని శ్వాస ముఖ్యంగా ఆక్సిజన్‌ను చూసి నడుస్తుంది. గాలి పీల్చే జీవికి ఆక్సిజన్ పుష్కలం, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. కాబట్టి మనకు అలారం దానితోనే మోగుతుంది. నేల మీదికి రావడం అంటే కాళ్లు రావడమే కాదు, ఆ అలారం వైర్లు మార్చుకోవడం కూడా. న్యూట్ లాంటి జీవులు ఆ రెండు పద్ధతుల మధ్య ఉన్నవి.

చీకటి పేజీ

హాల్డేన్‌ను దేవుణ్ని చేయడం నాకిష్టం లేదు కాబట్టి ఇదీ చెప్పాలి. ఆయన కమ్యూనిస్టు. డైలీ వర్కర్ పత్రికలో కార్మికుల కోసం ఏళ్ల తరబడి సైన్స్ వ్యాసాలు రాశారు. టెక్ బ్లాగ్ నడిపేవాడిగా ఆ వ్యాసాలంటే నాకు అసూయ. కానీ సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్నే బూటకమని తొక్కేసినప్పుడు, దాన్ని గట్టిగా ఖండించాల్సిన మొదటి మనిషి హాల్డేన్. 1928లో తనను అక్కడికి ఆహ్వానించిన గొప్ప శాస్త్రవేత్త వవిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. అయినా హాల్డేన్ బహిరంగంగా నీళ్లు నమిలారు. పార్టీకి దూరమైంది 1950 ప్రాంతంలో, అది కూడా చప్పుడు లేకుండా. తన ఒంటి మీద విషం ప్రయోగించుకోవడానికి భయపడని మనిషి, తన పక్షాన్ని ప్రశ్నించడానికి తటపటాయించాడు. నా లెక్కలో ఆయన జీవితంలో ఇదే పెద్ద లోటు.

లండన్ టు కలకత్తా

1957లో, 64 ఏళ్ల వయసులో, లండన్ ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేసి ఇండియా వచ్చేశారు. సూయెజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసన అని చెప్పారు. మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మన తెలుగువాడు సి.ఆర్. రావు అప్పటికే అక్కడ పెద్ద పేరు. హాల్డేన్ కుర్తాలోకి మారారు, మాంసం మానేశారు, తర్వాత పౌరసత్వం తీసుకున్నారు.

మీరు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. ఆ రోజుల్లో మన ల్యాబ్‌లలో పరికరాలు లేవు, విదేశీ మారకం లేదు. కుర్రాళ్లంతా పరికరం వస్తేనే పరిశోధన అని కూర్చునేవారు. హాల్డేన్ పద్ధతి వేరు. కళ్లు, వాచీ, నోట్‌బుక్, లెక్కలు, ఈ నాలుగూ చాలు అన్నట్టే పని అప్పగించేవారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఇరవైల మొదట్లో ఆయన దగ్గర చేరితే, లాంటానా పొదల దగ్గర ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో లెక్కపెట్టే పని మొదలైంది. మన ఊళ్లలో గట్ల మీద పెరిగే తలంబ్రాల చెట్టే అది. ఒకే పొదలో రెండు మూడు రంగుల పూలుంటాయి, జాతిని బట్టి ఎంపిక మారుతుందని తేలింది. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు ఎడమకు తిరుగుతాయా కుడికి తిరుగుతాయా అని లెక్కించాడు. జయకర్, స్పర్వేతో కలిసి చితుకు పిట్ట జాతి పక్షి గూడు దగ్గర కాపలా కాశాడు. ఇవి అచ్చయిన పరిశోధనలు. కృష్ణారావు తర్వాత ఆంధ్రలో మేనరికాల మీద, చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కు రావడం మీద పనిచేసి, అమెరికాలో స్థిరపడి, గురువు గురించి పుస్తకాలు రాశారు.

అదే సంస్థలో, అదే ఏళ్లలో, హాల్డేన్ పనిచేసిన లండన్ కాలేజీ నుంచే వచ్చిన పమేలా రాబిన్సన్ అనే శిలాజాల నిపుణురాలు కుర్రాళ్లను ప్రాణహిత-గోదావరి లోయకు నడిపించారు. ఆదిలాబాద్ వైపు మలేరి ఎర్రమట్టిలో ఇరవై కోట్ల ఏళ్లు దాటిన ఉభయచరాల, సరీసృపాల ఎముకలు దొరుకుతాయి. గోదావరి అవతల సిరొంచ వైపు బరపాసారస్ అనే భారీ డైనోసార్ బయటపడింది కూడా ఆ తవ్వకాల్లోనే. దాని అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలోని ఆ సంస్థలో నిలబడి ఉంది. అదే లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన దాని చుట్టం కోటాసారస్‌ను మీరు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు. నీళ్లలోంచి గట్టెక్కిన జీవులు ఆ తర్వాత ఎంత ఎత్తు పెరిగాయో దాని పక్కన నిలబడితే తెలుస్తుంది. నాలుగు కాళ్లు స్తంభాల్లా ఎందుకున్నాయో, ఆ గ్రానైట్ బ్లాక్ లెక్క గుర్తుచేసుకోండి.

ఇండియాలోనూ హాల్డేన్, స్పర్వే శ్వాస సంగతి వదల్లేదు. ఇక్కడి చెరువుల్లో న్యూట్ దొరకదు, అనాబస్ దొరుకుతుంది. వానాకాలంలో గట్టు మీద పాక్కుంటూ పోయే చేప. తలలో చిక్కుముడి లాంటి గాలి అవయవం ఉంటుంది. అది మన పూర్వీకుల ఊపిరితిత్తి కాదు, కొరమీను గదిలాగే విడిగా, చాలా తర్వాత పుట్టిన ఏర్పాటు. అయినా అదే సమస్యకు ఇంకో జవాబు. ఆ చేప శ్వాస ఎలా అదుపులో ఉంటుందన్న వాళ్ల పేపర్ 1963లో, తండ్రి శతజయంతి సందర్భంగా ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సదస్సు సంపుటంలో వచ్చింది.

ఉద్యోగం మాత్రం సాఫీగా సాగలేదు. సంస్థ నిర్వహణతో పడక 1961లో రాజీనామా చేశారు. వేరే చోట కొన్నాళ్లు చూసి, 1962లో ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన అవకాశంతో భువనేశ్వర్‌లో జెనెటిక్స్, బయోమెట్రీ ల్యాబ్ పెట్టారు. ఎనభై కోట్ల ప్రాజెక్టేం కాదు, చిన్న ల్యాబ్, కొద్దిమంది కుర్రాళ్లు. రెండేళ్లకే క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి మంచం మీద తన క్యాన్సర్ మీదే హాస్య కవిత రాశారు, బీబీసీకి తన సంతాప ప్రసంగం తనే రికార్డు చేసిచ్చారు. తిరిగి భువనేశ్వర్ వచ్చి చివరిదాకా పనిచేశారు. స్పర్వే ఇండియా వదిలి వెళ్లలేదు. హైదరాబాద్‌కు మారి, 1970ల చివర్లో అక్కడే చనిపోయారు.

బీఎస్సీ జువాలజీ, ఫిషరీస్ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లకు ఒక మాట. బతికున్న కొరమీను పిల్ల ఒకటి, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, థర్మామీటర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. గంటకు ఎన్నిసార్లు పైకొస్తుందో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాయండి. తాజా నీళ్లలో ఎంత, రెండు రోజులు మార్చని నీళ్లలో ఎంత, పక్కన ఇంకో చేప ఉంటే ఎంత అన్నది విడివిడిగా, కనీసం వారం రోజులు. సగటుతో ఆగిపోకుండా, రెండు గుటకల మధ్య వ్యవధి ఎంత మారుతోందో గ్రాఫ్ గీయండి. నీటి పైన గాలి అందకుండా మాత్రం ఎప్పుడూ మూయకండి, మొప్పలున్నా అది మునిగి చనిపోతుంది. తొట్టి మీద కన్నాల వల బిగించి కట్టండి, రాత్రిపూట కొరమీను ఎగిరి బయటపడి గది మూల దాకా పాకిపోతుంది.